ఉమ్మడి చెత్త యార్డుకు రెండు భాగాల టిప్పింగ్ ఫీజు: ఏళ్ల తరబడి వాడాక సమీక్ష

నాలుగైదు మున్సిపాలిటీలు ఒకే ల్యాండ్‌ఫిల్ (చెత్త పూడ్చే యార్డు) వాడుకునే చోట టిప్పింగ్ ఫీజు, అంటే చెత్త దించడానికి కట్టేది, తలకింతని వేయొచ్చు, టన్నుకింతని వేయొచ్చు, లేదా రెండు భాగాలు చేయొచ్చు: స్థిర ఖర్చులో ఏటా ఒక వాటా, దానిపైన తూకాన్ని బట్టి టన్ను రేటు. మా ఓటు మూడోదానికే. కాకపోతే కాటాని (బండ్లు తూచే వేబ్రిడ్జిని), ముగింపు నిధిని (యార్డు మూశాక అయ్యే ఖర్చుకు దాచేదాన్ని) పట్టించుకోకపోతే ఇదీ చెడుతుంది.

టన్నుకింత అనేది వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఖర్చే అలా నడవదు. అప్పు వాయిదా, ఊట నేలలోకి దిగకుండా అడుగున పరిచిన లైనర్, లీచేట్ (చెత్తలోంచి ఊరే మురికి నీరు) శుద్ధి, చెత్తను అణిచే కాంపాక్టర్, కాపలా... చెత్త తగ్గినా ఇవేవీ తగ్గవు. ఏడాది ఖర్చు 100 అయితే అందులో 75 స్థిరం, 25 మాత్రమే టన్నులతో పెరిగేది అనుకోండి. 60,000 టన్నులు వస్తాయని రేటు కడితే 51,000 వచ్చాయి. రాబడి 85, ఖర్చు 96.25. లోటు 11 పైచిలుకు. అది పూడ్చాలంటే రేటు 13 శాతం పెంచాలి. పెంచితే ప్రైవేటు కాంట్రాక్టర్ల బండ్లు ఇంకో యార్డు చూసుకుంటాయి, టన్నులు ఇంకా పడిపోతాయి. తడి చెత్తను ఎరువు చేసి తూకం తగ్గించుకున్న ఊరు అందరి చేతా తిట్లు తినాల్సి వస్తుంది.

రెండు భాగాలు చేస్తే ఆ 75ను ఎలా పంచాలన్నదే తగువు. జనాభా లెక్కన పంచితే చెత్త తగ్గించిన ఊరికి ఒరిగేదేమీ లేదు. పైగా లెక్కలు పాతవైతే శివార్లు పెరిగిన ఊరు తప్పించుకుంటుంది. నిరుటి తూకం పట్టుకుంటే ఒక్క వరద చాలు, వాటాలు తలకిందులవడానికి. బాగా కుదిరింది మూడేళ్ల సగటు తూకం. వరద శిథిలాలను మాత్రం వేరే ఖాతాలో రాయాలి.

వేబ్రిడ్జి దగ్గర తేడాలు ఎక్కువగా ఖాళీ బండి తూకంలోనే వస్తాయి. మొదట్లో ఎప్పుడో ఎక్కించిన అంకె సిస్టంలో అలాగే ఉండిపోతుంది. 6,200 కిలోలని ఉన్న బండికి బాడీ రేకులు మార్పిస్తే 6,480 అవుతుంది. తేడా 280 కిలోలు. రోజుకు మూడు ట్రిప్పులు, ఏడాదికి 300 రోజులు: 252 టన్నుల ఇనుముకు ఆ మున్సిపాలిటీ చెత్త ఫీజు కడుతున్నట్టే. నెలకోసారి ప్రతి బండినీ చెత్త దించాక మళ్లీ తూయాల్సిందే. కాటా పలక కింద బురద, రాళ్లు ఇరుక్కుంటే తూకం తక్కువ చూపిస్తుంది. పొద్దున్నే అక్కడ శుభ్రం చేయించి, సున్నా చూసుకుని, తెలిసిన బరువున్న బండిని ఒకసారి ఎక్కించాలి. వానాకాలంలో తడి బరువుకు మినహాయింపు అడుగుతారు. ఇవ్వకండి. ఆ నీరే లీచేటై శుద్ధి ఖర్చు పెంచుతుంది. టార్పాలిన్ కప్పుకుని రమ్మనండి.

పరుపులు, థర్మోకోల్ లాంటివి తూకానికి తేలిక, కానీ బోలెడు జాగా తింటాయి. ముక్కలు చేయని టైర్లయితే పూడ్చినా గ్యాసు పట్టి పైకి తేలుతాయి. వీటికి టన్ను రేటు పనికిరాదు, విడి ధర పెట్టాలి.

ముగింపు నిధిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. యార్డు నిండాక పైకప్పు వేయాలి, ఆపై ఊటనీ గ్యాసునీ కనిపెట్టుకుని ఉండాలి. భారత్‌లో 2016 నాటి నిబంధనలు కనీసం 15 ఏళ్లన్నాయి, అమెరికాలో మామూలుగా 30. ఈ ఖర్చు మొత్తాన్ని మిగిలిన సామర్థ్యంతో భాగిస్తే టన్నుకు ఎంత పక్కన పెట్టాలో వస్తుంది. తప్పు జరిగేది భాజకంలో. మిగిలిన జాగా 8 లక్షల ఘనపు మీటర్లు, మీటరుకు 0.8 టన్ను పడుతుందనుకుంటే 6.4 లక్షల టన్నులు. కాంపాక్టర్ పైపైన తిప్పి వదిలేస్తే పట్టేది 0.65, అంటే 5.2 లక్షలే. టన్నుకు వేయాల్సింది 23 శాతం పెరుగుతుంది. అందుకే ఏటా సర్వే చేయించి ఆ అంకె మార్చాలి. డబ్బు విడి ఖాతాలో ఉండాలి. సాధారణ ఖాతాలో కలిస్తే జీతాలకు పోతుంది.

సభ్య మున్సిపాలిటీలు బడ్జెట్ కట్టుకోకముందే, అంటే మూడు నాలుగు నెలల ముందే, కొత్త రేటు వాళ్ల చేతిలో పెట్టాలి. ఏడాది చివర అసలు ఖర్చుతో సరిచూసి తేడాను తర్వాతి ఏడాది వాటాలో కలపాలి. ఇక ఈ పద్ధతిలో తీరనిది బకాయిలు. కట్టలేదని గేటు మూస్తే చెత్త వీధిలో పడుతుంది, ఆ సంగతి బాకీదారుకూ తెలుసు. ఒప్పందంలోనే రెండు నెలల ఫీజు డిపాజిట్‌గా రాయించుకోవడం ఒక్కటే కాస్త పనిచేసింది.