క్రోప్కి సుడోకు: రెండేళ్లు ఆడాక

మామూలు సుడోకు టీ తాగుతూ పరధ్యానంగా కూడా పూర్తి చేసేసే స్థితికి వచ్చాక క్రోప్కి మొదలుపెట్టాను. రెండేళ్లు దాటింది. దాదాపు రోజుకొకటి చేస్తాను.

క్రోప్కి అంటే పోలిష్ భాషలో చుక్కలు. పక్కపక్క గడుల మధ్య గీత మీద తెల్ల చుక్క ఉంటే ఆ రెండూ వరస అంకెలు. నల్ల చుక్క ఉంటే ఒకటి రెండోదానికి రెట్టింపు. మిగతాదంతా మామూలే. మామూలు సుడోకుకి ఒకే జవాబు రావాలంటే కనీసం 17 అంకెలు ముందే ఇవ్వాలని 2012లో కంప్యూటర్లతో వెతికి తేల్చారు. ఇక్కడ ఒక్క అంకె కూడా ఇవ్వకుండా చేతిలో పెట్టేస్తారు. మొదటిసారి చూసి, అంకెలు వేయడం మర్చిపోయారేమో అనుకున్నాను!

అసలు మజా నల్ల చుక్కల్లో ఉంది. 5, 7, 9 వాటి దరిదాపులకి రావు. ఒకే అడ్డవరసలో మొదటి నాలుగు గడుల మధ్య మూడు నల్ల చుక్కలున్నాయనుకోండి. అక్కడ 1-2-4-8 తప్ప ఇంకేదీ పట్టదు, అటునుంచైనా ఇటునుంచైనా. ఆ వరసలోనే ఐదు, ఆరు గడుల మధ్య ఇంకో నల్ల చుక్క ఉంటే అది 3-6 జంటే. ఏది ముందు? ఆరో గడికీ ఏడో గడికీ మధ్య తెల్ల చుక్క ఉంటే తేలిపోతుంది. 3 పక్కన రావాల్సిన 2, 4 అప్పటికే అయిపోయాయి కాబట్టి ఆరో గడిలో 6 పడాల్సిందే. ఒక్క అంకె ఇవ్వకుండానే రెండు గడులు ఖాయం. ఇలాంటిది దొరికిన రోజు ఎంత హాయిగా ఉంటుందో.

నేను ఎక్కువగా దెబ్బతిన్నది 1, 2 దగ్గర. అవి వరస అంకెలూ, రెట్టింపూ కూడా. అందుకే వాటి మధ్య ఏ రంగు చుక్కైనా పెట్టొచ్చు. నేనేమో నల్లదే వస్తుందని నాకు నేనే తీర్మానించుకుని, చివర్లో రెండు 7లు ఎదురుపడ్డాక మొత్తం చెరిపేసుకున్న రోజులు చాలానే ఉన్నాయి.

చుక్క లేని చోటు అలవాటవడానికి ఆరు నెలలు పట్టింది. చుక్కలన్నీ ఇచ్చేశామని పజిల్‌లో రాసి ఉంటే, చుక్క లేని గీతకి రెండు వైపులా వరస అంకెలూ రావు, రెట్టింపూ రాదు. చుట్టూ చుక్కల్లేని 4 పక్కన 2, 3, 5, 8 వేయలేం. మిగిలేవి 1, 6, 7, 9. కొందరు అన్ని చుక్కలూ ఇవ్వరు, ఆ మాట చెప్పనూ చెప్పరు. అలాంటివాటి మీద గంట పోగొట్టుకుంటే ఒళ్లు మండుతుంది.

తెల్ల చుక్కలు గుప్పించినవి నాకు బోర్. ఒక అంకె దొరికితే చాలు, మిగతాది మెట్లు ఎక్కి దిగడమే.

ఫోన్‌లో నేను వాడిన ఒక యాప్ డార్క్ మోడ్‌లో చుక్కల రంగులు కూడా తిరగేసేది. తెల్లది నల్లగా, నల్లది తెల్లగా! అది కనిపెట్టడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. అప్పటినుంచి కాగితం, పెన్సిల్, పెద్ద రబ్బరు.