మెదడు స్కాన్‌తో మీ వ్యక్తిత్వం చెబుతామనే వారికి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

భావోద్వేగాలకు మెదడు స్పందించే తీరును ఎఫ్‌ఎంఆర్‌ఐలో (మెదడు పనిచేస్తుండగా తీసే ఒక రకం ఎంఆర్‌ఐ స్కాన్‌లో) చూసి వ్యక్తిత్వం ఎంత స్థిరమైనదో తేల్చి చెబుతామంటూ నివేదికలు అమ్ముతున్న సంస్థ గురించి ఈ హెచ్చరిక రాస్తున్నాను. నేనూ డబ్బు కట్టి అక్కడ స్కాన్ చేయించుకున్నాను.

భయపడుతున్న ముఖాల ఫొటోలు చూపినప్పుడు నా అమిగ్డాలా (భావోద్వేగాలకు స్పందించే మెదడు భాగం) అతిగా స్పందించిందని, కాబట్టి నాది ఆందోళన స్వభావమని, అది జీవితాంతం మారదని మొదటి నివేదికలో రాశారు. కొన్ని వారాల తర్వాత, నిర్ధారణ కోసమంటూ మళ్లీ రుసుము కట్టించుకుని, అదే యంత్రంలో అవే ముఖాలు చూపించారు. ఈసారి స్పందన సగటు కంటే తక్కువని, నాది ఎంత ఒత్తిడికీ చలించని స్వభావమని వచ్చింది. రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టి ఏది నిజమని అడిగితే, అక్కడి సలహాదారు వాటివైపు కన్నెత్తి చూడకుండా, "యంత్రం అబద్ధం చెప్పదు, ఈలోగా మీ వ్యక్తిత్వమే మారిపోయి ఉంటుంది" అన్నారు. జీవితాంతం మారదని అచ్చు వేసి ఇచ్చినవారే ఈ మాట అన్నారు. డబ్బు తిరిగి ఇవ్వమన్నప్పుడు, పక్కనున్న ఉద్యోగి వైపు తిరిగి, "ఇంత కోపమొస్తోందంటే మొదటి రిపోర్టే కరెక్టేమో" అని నవ్వారు. న్యాయంగా అడిగిన ప్రశ్నను నా స్వభావ దోషంగా తిప్పికొట్టిన ఆ నవ్వును డబ్బు పోయినదానికన్నా ఎక్కువగా క్షమించలేకపోతున్నాను.

ఎఫ్‌ఎంఆర్‌ఐ స్వభావాన్ని చూడదు. మెదడులో రక్తంలోని ఆక్సిజన్ మార్పుల వల్ల కలిగే సంకేతాన్ని కొలుస్తుంది. తల కాస్త కదిలినా, ముందు కాఫీ తాగినా ఆ సంకేతం మారవచ్చు. పైగా అమిగ్డాలా భయానికే కాదు, కొత్తదనానికీ సంతోషానికీ స్పందిస్తుంది. మాక్స్‌వెల్ ఎలియట్ బృందం 2020లో 'సైకలాజికల్ సైన్స్' పత్రికలో 90 ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించి, ఇలాంటి స్కాన్లను అదే మనిషికి మళ్లీ చేసినప్పుడు విశ్వసనీయత సగటున 0.397 మాత్రమే ఉందని చూపింది. పూర్తిగా ఒకేలా వస్తే అది 1 కావాలి. మెదడు కొలతలకూ మనుషుల మధ్య తేడాలకూ ఉన్న సంబంధం నమ్మదగినట్టు తేలాలంటే వేలమందిని స్కాన్ చేయవలసి వస్తుందని 2022లో 'నేచర్'లో వచ్చిన పరిశోధన చెప్పింది. సమూహాల సగటులను అధ్యయనం చేయడానికి శాస్త్రవేత్తలు వాడే ఈ పద్ధతిని ఒక్క మనిషి జాతకంలా అమ్మడం ఆ శాస్త్రానికే అన్యాయం. వ్యక్తిత్వ స్థిరత్వం గురించి మనకు తెలిసినదంతా దాదాపుగా ఏళ్ల తరబడి అవే మనుషులను ప్రశ్నావళులతో పరిశీలించడం వల్ల తెలిసిందే; అది వయసుతోపాటు పెరుగుతుందే తప్ప ఎవరి స్వభావమూ శాశ్వతంగా గడ్డకట్టదని కూడా ఆ అధ్యయనాలే చెబుతున్నాయి.

ఇప్పటికే బుక్ చేసుకున్నవారు, ఒకే మనిషికి రెండుసార్లు తీస్తే ఎంతవరకు ఒకేలా వస్తుందో రాతపూర్వకంగా అడగండి, మీ స్కాన్ ఫైళ్లను ఎవరికి ఇస్తారో కూడా అడగండి. నా ఫైళ్లను చెరిపేయమని నేను రాసిన ఉత్తరానికి ఇంతవరకు జవాబు రాలేదు.