చురిపో కోసం రెండుసార్లు డబ్బు కట్టాం

మెక్సికోలోని పాట్స్‌క్వారో ఊళ్లో, పెద్ద కూడలిలో సంప్రదాయ వంట నేర్పుతామని ఎవరైనా పిలిస్తే ఆగకండి. మేము ఆగాం. మనిషికి 1,200 పెసోలు, ఇద్దరికి 2,400. మన లెక్కలో పదివేల పైమాటే. 2010లో యునెస్కో మెక్సికో వంటకు గుర్తింపు ఇచ్చినప్పుడు నమూనాగా నిలిచింది ఈ ఊరున్న మిచొవాకాన్ రాష్ట్రం వంటే. ఆ మాట చెప్పే మాకు టోపీ పెట్టారు.

తీరా వెళ్తే చురిపో, అంటే ఇక్కడి మిరప గొడ్డుమాంసం పులుసు, అప్పటికే ఉడికి కూర్చుంది. నా చేతికి చాకు, ఒక క్యారెట్టు ఇచ్చి ఫొటో తీశారు. మిరపకాయలు ఎక్కడ నూరారని అడిగితే మిక్సీ చూపించారు. నలభై నిమిషాల్లో గుమ్మం దాటించారు. మావారు గొడ్డుమాంసం ముట్టరు. ఆయనకు రెండు ఎండు టోర్టియా రొట్టెలు పెట్టి పూర్తి డబ్బే తీసుకున్నారు. "ఇందుకా ఇంత దూరం లాక్కొచ్చావు?" అన్న ఆ ఒక్క మాట తప్ప ఆయన రాత్రంతా నోరు విప్పలేదు. గదికి 850 పెసోలు, దుప్పటి మాత్రం ఒక్కటే. రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లో చలికి ఆ అలక తోడైంది.

మరునాడు దగ్గర్లోని త్సిన్‌త్సున్‌త్సాన్‌లో పాతకాలపు పిరమిడ్లు చూశాం, బాగున్నాయి.

అసలు వంట ఆ తర్వాతి రోజు దొరికింది. బజారులో కొరుందాలు, అంటే మొక్కజొన్న కుడుములు, అమ్మే పెద్దావిడ నా వచ్చీరాని స్పానిష్ విని నవ్వి, సరస్సు ఒడ్డున సాంతా ఫే దె లా లగూనాలో ఉన్న తన ఇంటికి రమ్మంది. 500 పెసోలు, మాంసం మేమే తేవాలి. ఎముకతో ఉన్న కాలి మాంసం కిలో 190.

మూడు రాళ్ల పొయ్యి, మట్టికుండ. మాంసం, ఉల్లి, వెల్లుల్లి రెండున్నర గంటలు ఉడికాయి. ఈలోగా గింజలు తీసి నానబెట్టిన గ్వహీయో మిరపకాయలను నా చేత సన్నికల్లు మీద నూరించింది. భుజం పడిపోయింది. మిరపకు పుట్టిల్లు ఈ దేశమే అయినా గ్వహీయోలో గుంటూరు ఘాటు వెతక్కండి. ఇచ్చేది రంగు, కమ్మని వాసన. ముద్దను వడగట్టి పులుసులో పోశాక మొక్కజొన్న కండెలు, క్యారెట్లు, చివర్లో పెద్ద ముక్కలుగా క్యాబేజీ పడ్డాయి. పులుపుకు షోకొనోస్త్లే, అంటే ఒక రకం నాగజెముడు కాయ. నేను తొందరపడి క్యాబేజీ ముందే వేయబోతే చేతిమీద చిన్న దెబ్బ పడింది. ఆమె, ఆమె కోడలు తమ పురేపెచా అనే స్థానిక భాషలో ఏదో అనుకుని పగలబడి నవ్వారు. నా గురించే అయి ఉంటుంది.

కూడా కొరుందాలు. బూడిద నీళ్లలో ఉడికించిన మొక్కజొన్న పిండిని, ఆ మొక్కజొన్న మొక్క ఆకుల్లోనే ముక్కోణంగా చుట్టి ఆవిరి మీద వండుతారు. వాటిలో పందికొవ్వు కలుపుతారని నేను మావారికి చెప్పలేదు. మీగడతో ఐదు తిన్నారు. ఆ సాయంత్రం బస్సులో పాట పాడారు కూడా.

పాట్స్‌క్వారో బజారులో అరకిలో గ్వహీయో కొని ఇంటికి తెచ్చాను. వేటమాంసంతో వండి, షోకొనోస్త్లే బదులు చింతకాయ వేశాను. రంగు వచ్చింది, ఆ పులుపు మాత్రం రాలేదు. మావారు రెండు గిన్నెలు తాగి, ఆ 2,400 పెసోల సంగతి మళ్లీ ఎత్తారు.