శీర్షిక కన్నా ఉపశీర్షికే నిజం: సెడ్రిక్ రాబిన్సన్ ‘బ్లాక్ మార్క్సిజం’

అమెరికా నల్లజాతి మేధావి సెడ్రిక్ రాబిన్సన్ రాసిన ‘బ్లాక్ మార్క్సిజం’ 1983లో లండన్‌లోని జెడ్ ప్రెస్ ప్రచురణగా వెలువడింది. దానికి విస్తృతమైన పాఠకలోకం ఏర్పడింది మాత్రం 2000లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ చరిత్రకారుడు రాబిన్ కెల్లీ ముందుమాటతో పునర్ముద్రించిన తరువాతనే. పేరును బట్టి ఇది మార్క్సిస్టులైన నల్లజాతి మేధావుల చరిత్ర అనుకుని కొన్నవారు మొదటి భాగంలోనే తికమకపడతారు, ఎందుకంటే అందులో ఉన్నదంతా యూరప్ చరిత్రే. నల్లజాతి రాడికల్ సంప్రదాయం ఎలా రూపుదిద్దుకున్నదో చెబుతామన్న ఉపశీర్షికే ఈ పుస్తకానికి అసలు పేరుగా ఉండవలసింది.

ఐర్లండ్ వారినీ, స్లావులనూ, యూదులనూ తక్కువ జాతులుగా చూసే అలవాటు యూరప్ భూస్వామ్య సమాజంలోనే వేళ్లూనుకుని ఉన్నదనీ, పెట్టుబడిదారీ విధానం దాన్ని చెరిపివేయకపోగా దాని మీదనే ఎదిగిందనీ రాబిన్సన్ వాదిస్తారు. పెట్టుబడి పాత తేడాలను కరిగించి శ్రామికులందరినీ ఒకే వర్గంగా మారుస్తుందన్న మార్క్స్ అంచనా ఇక్కడే తప్పిందని ఆయన అభిప్రాయం. ఈ విమర్శలో బలం ఉంది కానీ తొందరపాటూ ఉంది. నల్లవారి శ్రమ మీద బానిస ముద్ర ఉన్నంతకాలం తెల్లవారి శ్రమకు విముక్తి లేదని 1867 నాటి ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్ స్పష్టంగానే రాశారు. అమెరికా అంతర్యుద్ధంపై ఆయన రాసిన వ్యాసాలకు కూడా ఈ పుస్తకంలో దక్కవలసినంత చోటు దక్కలేదు.

రెండో భాగం నుంచి రచన ఊపందుకుంటుంది. ఆఫ్రికా నుంచి ఓడల్లో సంకెళ్లతో వచ్చిన బానిసలు ఒట్టి కూలిబలం కాదనీ, తమ భాషలనూ, నమ్మకాలనూ, లోకాన్ని అర్థం చేసుకునే పద్ధతులనూ వెంట తెచ్చుకున్నవారనీ, తిరుగుబాటుకు మూలం తోటల్లోని దోపిడీ ఒక్కటే కాక ఆ వారసత్వం కూడాననీ ఆయన చూపుతారు. బ్రెజిల్ అడవుల్లో పదిహేడో శతాబ్దంలో దశాబ్దాలపాటు నిలిచి, 1694లో నేలమట్టమైన పల్మారెస్, అంటే పారిపోయిన బానిసలు కట్టుకున్న స్థావరం, ఇందుకు మంచి ఉదాహరణ. దక్షిణాఫ్రికాలో 1856–57లో నోంగ్‌ఖవూసే అనే బాలిక జోస్యాన్ని నమ్మి ఖోసా ప్రజలు తమ పశువులను తామే చంపుకున్న ఘటనను వలసపాలకులు పిచ్చితనంగా లెక్కగడితే, రాబిన్సన్ అందులో ఒక సమూహం తన ఉనికిని కాపాడుకోవడానికి చేసిన ప్రయత్నాన్ని చూస్తారు. సాహసోపేతమైన వ్యాఖ్యానమే, కాదనను. అయితే ఆ తరువాత ఆకలితో చచ్చిన వేలాదిమందికి అందులో జవాబు లేదు. తిరుగుబాటుదారులు పెద్ద ఎత్తున హింసకు దిగలేదన్న ఆయన మాట కూడా బానిసల విప్లవం గెలిచిన హైతీలో 1804లో ఆ విప్లవ నేత డెసలీన్ ఆజ్ఞతో జరిగిన ఫ్రెంచివారి ఊచకోత ముందు తడబడుతుంది.

పుస్తకానికి ఆయువుపట్టు డుబాయిస్, జేమ్స్, రైట్ అనే ముగ్గురు నల్లజాతి రచయితల మీది అధ్యాయాలున్న మూడో భాగం. అమెరికా అంతర్యుద్ధ కాలంలో లక్షలాది బానిసలు తోటలు విడిచి ఉత్తరాది సైన్యాల వైపు తరలిపోవడాన్ని అమెరికా నల్లజాతి చరిత్రకారుడు డుబాయిస్ 1935లో సార్వత్రిక సమ్మెగా వర్ణించారు. ఆ సమ్మెకు పిలుపునిచ్చిన సంఘం లేదు, నడిపించిన పార్టీ లేదు. కార్మికవర్గమంటే ఫ్యాక్టరీ గేటు దగ్గరే కనబడుతుందనుకునే మార్క్సిస్టుకు ఇంతకన్నా పదునైన ప్రశ్న ఉండదు. హైతీ చక్కెర తోటల బానిసలు ఆనాటి ఏ శ్రామికులకన్నా ఆధునిక కార్మికవర్గానికి దగ్గరగా ఉన్నారని ట్రినిడాడ్‌కు చెందిన చరిత్రకారుడు సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లో అన్నారు. వారి విప్లవ చైతన్యం చక్కెర మిల్లు క్రమశిక్షణ నుంచి కాక వారి సొంత సంస్కృతి నుంచి వచ్చిందని రాబిన్సన్ సవరిస్తారు. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోస్తుంది, ఎందుకంటే మిల్లు వాళ్లను ఒకచోట చేర్చకపోతే ఆఫ్రికా మూలాలున్న వోడూ మతం పేరిట చేసిన ప్రమాణాలు అంతమందిని కలిపేవి కావు. కమ్యూనిస్టు పార్టీలో చేరి, విభేదించి బయటికి వచ్చిన నవలాకారుడు రిచర్డ్ రైట్ మీది అధ్యాయం మాత్రం తక్కిన రెండింటికీ సాటిరాదు.

ఈ ముగ్గురూ మార్క్సిజంలోకి ప్రవేశించి, దాన్ని దాటి తమ సంప్రదాయాన్ని చేరుకున్నారని రాబిన్సన్ కథనం. అయితే ఆ దాటే శక్తిలో మార్క్స్ నుంచి నేర్చినది ఎంతో ఉన్నదని ఆయన ఉదాహరణలే చెబుతున్నాయి. డుబాయిస్ 1961లో, తొంభై దాటిన వయసులో, అమెరికా కమ్యూనిస్టు పార్టీలో చేరడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? సంప్రదాయాన్ని కనుగొన్న తరువాత మార్క్సిజాన్ని వెనక వదిలేశారన్న చిత్రంలో ఆ నిర్ణయం ఒదగదు.

ఈ పుస్తకంలో పెద్ద లోటు స్త్రీలు. ఈ సంప్రదాయానికి ప్రతినిధులుగా ఎంచుకున్న ముగ్గురూ పురుషులే. నల్లజాతి శ్రామిక స్త్రీ మీద జాతి, వర్గం, లింగం మూడు వైపులా పడే భారం గురించి 1949లోనే రాసి, 1955లో అమెరికా నుంచి బహిష్కరణకు గురైన కమ్యూనిస్టు క్లాడియా జోన్స్ వంటివారికి ఇందులో ఒక అధ్యాయం దక్కవలసింది.

శైలి సులువైనది కాదు, వాక్యాలు బరువుగా సాగుతాయి, పాదసూచికలే మరో పుస్తకమంత ఉంటాయి. మొదటిసారి చదివేవారు డుబాయిస్ అధ్యాయంతో మొదలుపెట్టి, తరువాత రెండో భాగానికి వెళ్లి, యూరప్ చరిత్రను చివరకు ఉంచుకోవడం మేలు. కొనేటప్పుడు కెల్లీ ముందుమాట ఉన్న కూర్పునే ఎంచుకోవాలి.