సిజర్స్ క్రాసింగ్ నుంచి బారెల్ స్ప్రింగ్ దాకా: మీ నీళ్లు మీరే మోయండి

అమెరికా పశ్చిమాన మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సాగే నడకదారి పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్. పొడవు మొత్తం 2,650 మైళ్లు, మైళ్ల లెక్క మెక్సికో వైపు నుంచి మొదలవుతుంది. దక్షిణ కాలిఫోర్నియాలో 77వ మైలు దగ్గరున్న సిజర్స్ క్రాసింగ్ నుంచి 101వ మైలు దగ్గరి బారెల్ స్ప్రింగ్ దాకా 24 మైళ్లు, అంటే 38 కిలోమీటర్ల పైచిలుకు, నమ్మదగిన ఊట ఒక్కటీ లేదు. మధ్యలో 91వ మైలు చుట్టుపక్కల థర్డ్ గేట్ అనే చోట స్వచ్ఛంద సేవకులు గ్యాలన్ డబ్బాల్లో నీళ్లు తెచ్చి పెడతారు. ఎండలో నడిచొచ్చేవాళ్లకు అదే చలివేంద్రం. ఈ దారిలో మెచ్చుకోవాల్సిన సేవ ఒక్కటి చెప్పమంటే అదే చెప్పాలి.

దాన్ని పాడుచేస్తున్నది హైకర్లే. సిజర్స్ క్రాసింగ్‌లో రెండు లీటర్లతో బయల్దేరి, "అక్కడ ఎలాగూ ఉంటాయిగా" అని నడిచేవాళ్లు ఎంతోమంది. తీరా చేరాక నాలుగైదు లీటర్లు నింపుకుంటారు, ఆ నీళ్లతోనే కాళ్లు, సాక్సులు కడుగుతారు, ఖాళీ డబ్బాలు గాలికి వదిలేస్తారు. సాయంత్రం వచ్చేవాళ్లకు మిగిలేది ఖాళీ డబ్బాలే. ఆ నీళ్లను ఎవరో వీపున, బండి మీద కొండెక్కించి తెచ్చారు. వాళ్లకు జీతం లేదు, మనకు బిల్లూ రాదు. కాబట్టి థర్డ్ గేట్‌లో నీళ్లు లేవనుకునే లెక్క వేసుకోండి. అక్కడ దొరికితే బారెల్ స్ప్రింగ్ దాకా మిగిలిన 10 మైళ్లకు తక్కువపడ్డంత మాత్రమే తీసుకుని మూత గట్టిగా బిగించండి.

లెక్క ఇలా. బరువుతో ఎక్కుతూ గంటకు రెండు మైళ్లు నడిస్తే 24 మైళ్లకు 12 గంటలు. చల్లటి పొద్దున గంటకు అర లీటరు చాలు, ఎండ ముదిరాక లీటరు దాకా పోతుంది. మధ్యాహ్నం నీడలో ఆగి, వేడి గంటలు తప్పించుకుంటే ఆరేడు లీటర్లతో గట్టెక్కొచ్చు. అది ఆరేడు కిలోల బరువు. మొదటి మైళ్లలో భుజాలు గుంజుతాయి, జట్టులో సణుగుడు మొదలవుతుంది. ఆ సణుగుడు విని ఒక్క లీటరు కూడా పారబోయొద్దు.

ఆ నీళ్లు ఎక్కడ నింపుకోవాలన్నదే అసలు చిక్కు. సిజర్స్ క్రాసింగ్ దగ్గరి శాన్ ఫెలిపే వాగు చాలాసార్లు ఎండిపోయి ఉంటుంది. పారినా పశువులు తొక్కిన నీరు. 68వ మైలు దగ్గర రోడ్రిగెజ్ స్పర్ అగ్నిమాపక ట్యాంకు ఉంది గానీ, అక్కణ్నుంచి మోస్తే ఇంకో తొమ్మిది మైళ్లు కలుస్తాయి. అందుకే ముందురోజు 78వ నంబరు రోడ్డు మీదుగా పన్నెండు మైళ్ల దూరంలోని జూలియన్ ఊరికి వెళ్లి కుళాయి నీళ్లు పట్టుకోవడం మేలు. ఆపిల్ పైలకు పేరున్న ఊరది. మామ్స్ పై హౌస్‌లో ట్రెయిల్ పర్మిట్ చూపినవాళ్లకు ఒక ముక్క ఉచితంగా పెట్టే ఆనవాయితీ ఉంది. పర్మిట్‌కూ రుసుము లేదు. జూలియన్‌లో గది అద్దెకు తీసుకుంటే మాత్రం, తెల్లవారుజామున రోడ్డు మీద దింపే బండి ఉందో లేదో ముందే అడగండి. ఎనిమిదింటికి దింపితే ఆ గది దండగే.

ఎందుకంటే ఇక్కడ ఆలస్యంగా మొదలుపెడితే రోజంతా దెబ్బతింటుంది. సిజర్స్ క్రాసింగ్ ఎత్తు దాదాపు 2,250 అడుగులు. అక్కణ్నుంచి దారి శాన్ ఫెలిపే కొండల్లోకి వంపులు తిరుగుతూ ఎక్కుతుంది. ఒకొటియో, చోయా, బారెల్ కాక్టస్ లాంటి ఎడారి ముళ్ల మొక్కలే తప్ప చెట్టు నీడ లేదు. నాలుగున్నరకు హెడ్‌ల్యాంప్‌తో కదిలి, పదకొండుకల్లా ఏదైనా బండరాయి నీడ పట్టుకుని, నాలుగు దాటాకే మళ్లీ లేవాలి. నీడలో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూడండి, అదే నీడ తోకతో గిలక్కాయలాడించే విషసర్పం ర్యాటిల్ స్నేక్‌కూ కావాలి. చోయా ముల్లుగుత్తి అంటుకుంటే వేళ్లతో లాగొద్దు. దువ్వెన కిందికి దూర్చి ఒక్క విదిలింపుతో ఊడగొట్టండి.

ఉత్త నీళ్లే తాగుతూ పోవడం ఇంకో ప్రమాదం. చెమటలో ఉప్పు పోతుంది, దాని మీద లీటర్లకొద్దీ మంచినీళ్లు పోస్తే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. కొన్ని లీటర్లలోనైనా ఎలక్ట్రోలైట్ పొడి కలపండి, ఉప్పున్న తిండి తినండి. తోడువాళ్లలో ఒకరు ఉన్నట్టుండి మాట తగ్గించి ప్రతిదానికీ చిరాకుపడుతుంటే కోపమనుకోకండి. కూర్చోబెట్టి, ఉప్పూ నీళ్లూ ఇచ్చి చూడండి. మాట తడబడితే, అడుగు తూలితే అది వడదెబ్బ. వెంటనే ఒళ్లు తడిపి విసరాలి, సాయం కోసం ఫోన్ చెయ్యాలి. సిగ్నల్ దొరకని చోట్ల కోసం శాటిలైట్ పరికరం ఉండాలి.

సామాన్లలో గొట్టం ఉన్న నీళ్ల సంచి కొనకండి. ఎంత మిగిలిందో కనబడదు, చిల్లి పడితే అంతా బ్యాగులోనే పోతుంది. లీటరు స్మార్ట్‌వాటర్ సీసాలు ఆరేడు చాలు, సాయర్ స్క్వీజ్ ఫిల్టర్ మర వాటికి సరిపోతుంది. ఫిల్టర్‌తో వచ్చే సంచులు అతుకుల దగ్గర పగులుతాయి, వాటి మీద ఆధారపడొద్దు. లోపలి రబ్బరు వాషర్ ఊడిపోతే శుభ్రం చేయని నీరు పక్కనుంచి కారుతుంది, కాబట్టి ఒకటి అదనంగా ఉంచుకోండి. వెండిరంగు గొడుగు పనికొస్తుంది గానీ గాలి వీచే శిఖరం మీద మూసేయాల్సిందే. కాళ్లు ఉబ్బుతాయి కనుక బూట్లు అర సైజు పెద్దవి. విరామం తీసుకున్న ప్రతిసారీ సాక్సులు విప్పి ఆరబెట్టాలి. చురుక్కుమన్న చోట పొక్కు లేవకముందే ల్యూకోటేప్ అనే గట్టిగా అంటుకునే టేపు అతికించాలి.

బారెల్ స్ప్రింగ్‌లో తొట్టి ఉంది, చెట్ల నీడ ఉంది. ఆ నీటినీ వడకట్టే తాగండి. మర్నాడు ఈగల్ రాక్ మీదుగా 109వ మైలు దగ్గరి వార్నర్ స్ప్రింగ్స్‌కు గడ్డిమైదానాల్లో తేలిక నడక. తిండి పార్సిల్ అక్కడి పోస్టాఫీసుకు పంపుకున్నవాళ్లు ఆదివారం చేరకుండా చూసుకోండి.