పది రోజుల తర్వాత కూడా అందుకోగలిగే గేమ్‌లే కొంటాను

నాకు ఆడుకోవడానికి దొరికేది రాత్రి పదిన్నర నుంచి పదకొండున్నర దాకా. అదీ రోజూ కాదు. పిల్లకు జ్వరమొచ్చినా, ఆఫీసు పని నెత్తిమీదికొచ్చినా పది పన్నెండు రోజులు కన్సోల్ మొహం చూడను. ఆ తర్వాత ఎప్పుడో కూర్చుంటే, ‘ఇంతకీ నేనెక్కడున్నాను, ఈ గుర్రం ఎవరిది, గెంతడానికి ఏ బటన్’ అని తడుముకోవడానికే పావుగంట పోతుంది. స్లీప్‌లో పెడితే గేమ్ ఆగిన చోటే ఆగుతుంది, నిజమే. కానీ నా బుర్ర స్లీప్‌లో ఉండదు కదా.

అందుకని గేమ్ కొనేముందు నేను గ్రాఫిక్స్ చూడను, వంద గంటల కథ అంటే మురిసిపోను. పది రోజులు మానేసి వస్తే ఇది నన్ను మళ్లీ లోపలికి రానిస్తుందా? అదొక్కటే చూస్తాను. ఈ లెక్కతో కొన్నవాటిలో కొన్ని అద్భుతంగా కుదిరాయి. కొన్ని గొప్ప గేమ్‌లే అయినా నాకు కుదరలేదు. రోజుకు మూడు గంటలు ఆడగలిగేవాళ్లు నా మాటలు అటూ ఇటూ మార్చుకుని చదువుకోండి.

మొదట ‘విచర్ 3’ గురించి చెప్పాలి. 2015లో వచ్చిన గేమ్. చాలా పెద్దది, నాలాంటివాళ్లు దూరంగా ఉండాల్సిన రకం అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక చిన్న ఏర్పాటు ఉంది. సేవ్ లోడ్ అవుతున్నంతసేపూ డాండెలియన్ అనే పాటగాడు ఇప్పటిదాకా జరిగిన కథను రెండు ముక్కల్లో చెబుతాడు. ‘గెరాల్ట్ (మనం నడిపే హీరో) ఫలానావాళ్లను వెతుక్కుంటూ ఫలానా చోటికి వచ్చాడు’ అని గొంతు వినబడగానే నాకు అంతా గుర్తొచ్చేస్తుంది. లోడింగ్ ఆలస్యాన్ని ఇంత మర్యాదగా వాడుకున్న గేమ్ ఇంకొకటి నేను చూడలేదు.

ఇందులో బ్లడీ బారన్ కథ కోసమైనా దీన్ని కొనొచ్చు. తాగుబోతు ప్రభువు, భార్యా కూతురూ కనబడకుండా పోయారు. మొదట వాణ్ణి చూస్తే అసహ్యం వేస్తుంది. తర్వాత ఒక రాత్రి, పుట్టకముందే పోయిన బిడ్డ దెయ్యమై లేస్తుంది. దాన్ని చంపేయొచ్చు, లేదా పేరు పెట్టి గడప దగ్గర పాతిపెట్టొచ్చు. నేను రెండోది ఎంచుకున్నాను. బారన్ దాన్ని చేతుల్లో మోస్తూ నడుస్తాడు, అది చెలరేగినప్పుడల్లా మనం మంత్రంతో జోకొట్టాలి. పక్కగదిలో నా పిల్ల పడుకుని ఉంది. ఆ రాత్రి సౌండ్ బాగా తగ్గించి ఆడాను, అయినా పడుకోబోయే ముందు ఒకసారి వెళ్లి చూసొచ్చాను. కత్తియుద్ధం మాత్రం అంతంతమాత్రమే. గుర్రం కంచెల దగ్గర బొమ్మలా నిలబడిపోతుంది. ఫర్వాలేదు. రెండు అదనపు కథలూ కలిపి అమ్మే కంప్లీట్ ఎడిషనే తీసుకోండి. వాటిలో ‘బ్లడ్ అండ్ వైన్’ ఒక్కటే వేరే గేమ్‌కు సరిపోయేంత ఉంటుంది.

2018లో వచ్చిన ‘గాడ్ ఆఫ్ వార్’కు కూడా ఇలాంటి మర్యాదే తెలుసు. తండ్రీకొడుకులు పడవలో పోతూ కథలు చెప్పుకుంటారు. కథ మధ్యలో నేను ఒడ్డుకు చేరితే తండ్రి ఆపేస్తాడు. మళ్లీ పడవ ఎక్కగానే ఆగినచోటు నుంచి అందుకుంటాడు. ఇక గొడ్డలి సంగతి. విసిరి, ట్రయాంగిల్ బటన్ నొక్కితే గాల్లో తిరుగుతూ వచ్చి అరచేతిలో ఠప్పున పడుతుంది, కంట్రోలర్ ఆ దెబ్బకు అదురుతుంది. శత్రువులెవరూ లేకపోయినా ఊరికే చెట్లకేసి విసిరి వెనక్కి రప్పించుకుంటూ ఒక సాయంత్రమంతా గడిపిన రోజుంది. ఎన్నాళ్ల తర్వాత వచ్చినా చేతులు మరిచిపోయే రకం కాదది.

ఇప్పుడు అందరూ కొనమనే ‘ఎల్డెన్ రింగ్’. 2022 ఫిబ్రవరిలో వచ్చింది. నేనూ కొన్నాను. నలభై గంటలు ఆడాను. గొప్పదని ఒప్పుకుంటాను, నాలాంటివాళ్లకు మాత్రం చెప్పను. కారణం కష్టం కాదు. గేమ్‌లో అడుగుపెట్టగానే మైదానంలో బంగారు కవచంతో ట్రీ సెంటినెల్ అనే రౌతు గుర్రం మీద తిరుగుతుంటాడు. వాడితో తలపడితే రెండు దెబ్బల్లో పోతాం. తలపడక్కర్లేదు, పక్కనుంచి పోవచ్చని అర్థమవడమే అక్కడ మొదటి పాఠం. ఆ పద్ధతి నాకు నచ్చింది.

నచ్చనిదేమిటంటే, దీనికి మామూలు పాజ్ లేదు. మెనూలో లోతుగా ఎక్కడో వివరణ పెట్టె తెరిస్తే ఆట ఆగుతుందని ఒక చిట్కా ఉంది కానీ, పిల్ల ‘అమ్మా’ అని పిలిచినప్పుడు అది వెతుక్కునే తీరిక ఎవరికి? చస్తే సంపాదించిన రూన్స్, అంటే ఆ గేమ్‌లో డబ్బు, అన్నీ చచ్చినచోటే పడిపోతాయి. వెళ్లి ఏరుకోవాలి. దారిలో మళ్లీ చస్తే అవి పోయినట్టే. పైగా ఎవరు ఏ పని చెప్పారో రాసిపెట్టే చిట్టా లేదు. ఎవరో ఒకావిడ గుడి దగ్గర ఏదో అడిగింది, పది రోజుల తర్వాత ఆ గుడి ఏదో, ఆవిడ ఎవరో నాకు గుర్తులేదు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని రాసుకున్నాను కూడా. మూడో పేజీలో ‘బావి దగ్గర ముసలాయన, నీలం’ అని ఉంది. ఆ నీలం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

నా తమ్ముడు మాత్రం దీన్ని రెండుసార్లు పూర్తిచేశాడు. ‘అక్కా, నువ్వు ఓపిక పట్టలేదు’ అంటాడు. వాడికి పెళ్లి కాలేదు.

‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ కూడా అలాంటి విశాల ప్రపంచమే, కానీ నాకు దీనితో పేచీ రాలేదు. 2017 మార్చిలో నింటెండో వారి స్విచ్ కన్సోల్‌తోపాటే వచ్చింది. ఎక్కడ ఆపినా, ఎప్పుడు తిరిగొచ్చినా నష్టం లేదు, ఎందుకంటే ఏ కొండెక్కి చూసినా ఏదో ఒకటి కనబడుతుంది, అటు నడిస్తే అదే ఆ రాత్రి పని. అసలు గేమ్‌లో 120 ష్రైన్‌లు ఉన్నాయి. ఒక్కోటి ఒక చిన్న పజిల్ గది, నాకు పది పదిహేను నిమిషాలు పడుతుంది. రెండు పూర్తిచేసి పడుకుంటే మనసు నిండిపోతుంది.

ఇందులో నాకు బాగా గుర్తుండిపోయింది వాన. నిటారుగా ఉన్న కొండను ఎక్కుతున్నాను. శక్తి చూపించే పచ్చటి వలయం సగానికి తగ్గింది. ఇంకో నాలుగు బారలెక్కితే అంచు అందుతుంది. సరిగ్గా అప్పుడు వాన మొదలైంది. తడిసిన రాయి మీద చెయ్యి జారి, ఎక్కిన నాలుగు బారలూ కిందికి. మళ్లీ ఎక్కడం, మళ్లీ జారడం. చివరికి ఒక చిన్న చూరు కింద నిలబడి వాన తగ్గేదాకా ఊరికే చూస్తూ ఉండిపోయాను. అంతలో ఉరుము. వీపున ఉన్న ఇనుప కత్తి చిటపటమని నిప్పురవ్వలు రాల్చడం మొదలుపెట్టింది. లోహం ఒంటిమీద ఉంటే పిడుగు పడుతుందని నాకెవరూ చెప్పలేదు. అది పడ్డాకే తెలిసింది. ఆ తర్వాత పిడుగుల వానలో కత్తి తీసి శత్రువుల మధ్య పారేసి పక్కకు పరిగెత్తడం నేర్చుకున్నాను.

ఆయుధాలు విరిగిపోవడం చాలామందికి కోపం. నాదీ అదే గొడవ, కాకపోతే తప్పు నా వైపే. మంచి కత్తులన్నీ పెద్ద పోరాటానికి దాచిపెట్టుకుని, ఆఖరుదాకా కర్రలతోనే నెట్టుకొచ్చాను. ఇక కొరోక్‌లనే బుల్లి అడవి జీవులు అక్కడక్కడా దాక్కుని 900 మంది ఉన్నారు. వాళ్లందరినీ పట్టుకుంటే ఇచ్చే బహుమతి ఏమిటో చెప్పను, చెబితే ఎవరూ వెతకరు. 2023లో వచ్చిన తర్వాతి భాగం ‘టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్’ ఇంతకన్నా తెలివైనది. వస్తువుల్ని అతికించి బండ్లు, పడవలు కట్టొచ్చు. కానీ పది రోజుల తర్వాత అతికించే బటన్లు నా వేళ్లకు గుర్తుండవు. రెండిట్లో ఒకటే కొనాలంటే నా ఓటు మొదటిదానికే.

మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ నవ్వించింది ‘ఇట్ టేక్స్ టూ’. 2021లో వచ్చింది, ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ అనిపించుకుంది. ఒక్కరే ఆడటం కుదరదు, ఇద్దరు ఉండాల్సిందే. సోఫాలో పక్కపక్కన కూర్చుంటే ఒక్క కాపీ చాలు. ఆన్‌లైన్‌లో అయినా ఫ్రెండ్స్ పాస్ ఉంది కాబట్టి రెండోవాళ్లు కొనక్కర్లేదు. విడిపోదామనుకున్న భార్యాభర్తలు బొమ్మలైపోయి, మళ్లీ మనుషులు కావడానికి కలిసి తంటాలుపడటం కథ.

మా ఆయన అంతకుముందు కంట్రోలర్ పట్టుకోలేదు. కొత్తవాళ్లకు అసలు చిక్కు శత్రువులు కాదు, కుడి స్టిక్. ఎడమ బొటనవేలు నడిపిస్తుంది, కుడి బొటనవేలు తల తిప్పుతుంది. రెండూ ఒకేసారి కదపాలి. ఆయన నడిచినంతసేపూ నేలనే చూసేవారు, ఆగినప్పుడు ఆకాశం చూసేవారు. ‘ముందుకు చూడండి, ముందుకు’ అని నేను అరుస్తుంటే, ‘చూస్తూనే ఉన్నాగా’ అంటూ గోడకేసి నడుస్తూ పోయేవారు. ఒక చోట ఒకరి చేతిలో మేకులు, ఇంకొకరి చేతిలో సుత్తి. ఆయన మేకు కొడితే దానికి సుత్తి తగిలించుకుని నేను ఊగాలి. నేను గాల్లో ఉండగా ఆయన మేకు వెనక్కి లాగేసుకున్నారు. ఒకసారి పొరపాటు. రెండోసారి నాకు నమ్మకం లేదు.

మామూలుగా పన్నెండు పధ్నాలుగు గంటల గేమ్. మాకు మూడు నెలలు పట్టింది. ఒక్క మచ్చ ఉంది. కథలోని దంపతులు తమ కూతుర్ని ఏడిపించడం కోసం ఆమె ఏనుగు బొమ్మను ఈడ్చుకెళ్లే ఘట్టం. అది బతిమాలుతుంటే మనమే బటన్లు నొక్కి లాగాలి. నేను కంట్రోలర్ పక్కన పెట్టేశాను. ఆయనా పెట్టేశారు. కాసేపు అలాగే కూర్చున్నాం, కానీ వేరే దారి లేదు.

రోజుకు అరగంటే ఉందంటే ‘హేడీస్’. పాతాళం నుంచి పారిపోయే రాకుమారుడు, ఒక ప్రయత్నం అరగంట ముప్పావుగంట. చస్తే ఇంటికే వస్తాడు, వచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్లు ఏదో కొత్త మాట మాట్లాడతారు, కాబట్టి చావడం కూడా కథే. గాడ్ మోడ్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే తగిలే దెబ్బ మొదటే 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం. నేను సిగ్గుపడకుండా పెట్టుకున్నాను.

‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ను ప్రేమించినవాళ్లు నన్ను క్షమించాలి. సొరుగు తెరవాలన్నా, డబ్బా తీయాలన్నా ప్రతిదీ చేత్తో, నిదానంగా. మిషన్ మధ్యలో సేవ్ కుదరదు. మనుషుల్ని పలకరించడానికి కంట్రోలర్ వెనక ఎడమవైపున్న ఎల్2 బటన్ నొక్కాలి, చేతిలో తుపాకి ఉంటే అదే ఎల్2 గురిపెడుతుంది. పది రోజుల తర్వాత వచ్చి దుకాణదారుకు నమస్కారం పెడదామనుకున్నాను. ఆ తర్వాత ఊరంతా నా వెంట పడింది. సెలవులున్నవాళ్లు కొనండి, అంత అందమైన సంధ్యాకాశం ఇంకెక్కడా లేదు.

‘సైబర్‌పంక్ 2077’ 2020 డిసెంబరులో వచ్చిన వారానికే ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేశారు, అంత అధ్వానంగా ఉండేది. 2021 జూన్‌లో తిరిగొచ్చింది. 2023 నాటి మార్పుల తర్వాత నేను కొన్నాను, ఇప్పుడు బాగుంది. కాకపోతే ‘ఫాంటమ్ లిబర్టీ’ అదనపు కథ పాత కన్సోల్‌లైన పీఎస్4 (ప్లేస్టేషన్ 4), ఎక్స్‌బాక్స్ వన్‌లలో ఆడదు. అది చూసుకుని కొనండి. అసలు వచ్చిన రోజే ఏ గేమూ కొనకపోవడం మంచిది. కొన్ని నెలలు ఆగితే తప్పులు సర్దుకుంటాయి, ధరా దిగుతుంది. నింటెండో సొంత గేమ్‌లకు మాత్రం ధర తగ్గుతుందని ఎదురుచూడొద్దు. వాటికి డిస్కౌంట్ దొరకడమే అరుదు. ఒకసారి ఆడి పక్కన పెట్టేసేవి డిస్క్ మీదే తీసుకోండి, తర్వాత అమ్ముకోవచ్చు. డౌన్‌లోడ్ చేసినదాన్ని అమ్మలేరు.

ఇంకో మాట. గేమ్ బాగోలేదని తేల్చేముందు కంట్రోలర్ చూసుకోండి. నా పాతది ఒకటి చెయ్యి తీసేసినా ఎడమకు నడుస్తూ పోయేది. రెండు వారాలు నా ఆటే చెడిందనుకున్నాను.

చివరిగా ‘ఆస్ట్రో బాట్’. 2024లో వచ్చింది, పీఎస్5 కోసమే. చిన్న చిన్న లెవెల్స్. ఇసుక మీద నడిస్తే ఒకలా, ఇనుము మీద నడిస్తే ఇంకోలా కంట్రోలర్ చేతిలో అదురుతుంది. కొనే ముందు రుచి చూడాలంటే పీఎస్5లోనే ఉచితంగా వచ్చే ‘ఆస్ట్రోస్ ప్లేరూమ్’ ఆడండి. మొన్న రాత్రి నీళ్లు తాగడానికి లేస్తే హాల్లో వెలుతురు కనబడింది. మా ఆయన ఒక్కరే కూర్చుని ఆస్ట్రో బాట్ ఆడుతున్నారు. కెమెరా తిన్నగా ముందుకే చూస్తోంది. ‘సేవ్ చేశారా?’ అని అడిగాను. ‘అది కూడా నేనే చెయ్యాలా?’ అన్నారు. అక్కర్లేదు, అది తనే చేసుకుంటుంది.