డెలికా పూసలు: ఏ అల్లికలో ఒదుగుతాయి, ఏ అల్లికలో మొండికేస్తాయి

పూసల అల్లికలో కొత్త కుట్టు ఏది కనబడినా ముందు బెత్తెడు ముక్క అల్లి చూడటం నా అలవాటు. హారమో, లోలాకులో తర్వాతి సంగతి. ఆ ముక్కలన్నీ ఒక డబ్బాలో దాచుకుంటాను. తీసి చూస్తే వాటిలో చాలావరకు మియుకి కంపెనీ వాళ్ల డెలికా పూసలతో అల్లినవే. అన్ని కుట్లలోనూ వీటిని వాడి చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెయోటి, బ్రిక్ కుట్లకు వీటిని మించిన పూసలు నా చేతికి ఇంతవరకూ రాలేదు. వల అల్లికకూ, రైట్ యాంగిల్ వీవ్‌కూ మాత్రం వీటిని కొనొద్దు. "మంచి పూసలు ఏవి?" అని అడిగేవాళ్లను నేను మొదట "ఏ కుట్టుకు?" అని అడుగుతాను. అది తేలకుండా ఏ పూసనూ మంచిదనీ, చెడ్డదనీ అనలేం.

డెలికా జపాన్‌లో తయారయ్యే గాజు పూస. మామూలు చిన్న పూసలు గుండ్రంగా, నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటాయి. డెలికా అలా కాదు, సన్నటి గొట్టాన్ని సమంగా కోసిన ముక్క. అందరూ ఎక్కువగా వాడే 11/0 సైజులో అడ్డం సుమారు 1.6 మి.మీ., పొడవు 1.3 మి.మీ., బెజ్జం 0.8 మి.మీ. ఉంటుంది. గ్రాముకు దాదాపు 200 పూసలు వస్తాయి. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. అంటే 8/0 పెద్దది, 15/0 బాగా చిన్నది. ఒక్క విషయం జాగ్రత్త. గుండ్రటి పూసల్లోనూ 11/0 ఉంది, కానీ దాని అడ్డం సుమారు 2 మి.మీ. నంబరు ఒకటే కదా అని రెండిటినీ ఒకే వరసలో కలిపితే అల్లిక అక్కడే వంకరపోతుంది. ఇదే ఆకారంలో తోహో వాళ్ల ట్రెజర్, ఐకో పూసలు కూడా దొరుకుతాయి. అవీ బాగుంటాయి. కానీ ఒకే చదును ముక్కలో రెండు కంపెనీల పూసలు కలపకపోవడమే మేలు.

ముందు పెయోటి సంగతి. ఇందులో ప్రతి పూసా కింది వరసలోని రెండు పూసల మధ్య ఖాళీలో కూర్చోవాలి. ఆ ఖాళీ ఎంతుందో పూస అంతే ఉండాలి. గుండ్రటి పూసల్లో అంచుల దగ్గర సన్నటి సందులు మిగులుతాయి, వాటిలోంచి దారం కనబడుతుంది. డెలికాల భుజాలు చదునుగా ఉంటాయి కాబట్టి ఒకదాని పక్కన ఒకటి పూర్తిగా ఆనుకుంటాయి. అల్లిక పూర్తయ్యాక వేలితో నిమిరితే గరుకే తగలదు. పువ్వులు, అక్షరాలు, బొమ్మలు గళ్ల కాగితం మీద గీసుకుని అల్లాలంటే ఇవే సరైనవి. లెక్క కూడా చక్కగా కుదురుతుంది. 20 నిలువు వరసలు వేస్తే పట్టీ వెడల్పు 26 మి.మీ. వస్తుంది. 16 సెంటీమీటర్ల పొడవుకు ఒక్కో నిలువు వరసలో 100 పూసలు పడతాయి. మొత్తం 2000 పూసలు, అంటే 10 గ్రాములు. నేను ఏ పట్టీకైనా ముందు ఇలా లెక్క వేసుకునే పూసలు తెచ్చుకుంటాను.

నిలువు వరసల సంఖ్య సరి ఉండాలా, బేసి ఉండాలా అని కొత్తవాళ్లు కంగారు పడతారు. సరి సంఖ్య అయితే చివర తిరగడం సులువు. బేసి అయితే ఒక అడ్డ వరస విడిచి ఒక అడ్డ వరస చివర పూసకు పట్టు దొరకదు, దారాన్ని పక్క పూసల్లోంచి చుట్టి తేవాలి. అయినా నేను తరచూ బేసినే ఎంచుకుంటాను. సరిగ్గా మధ్యలో ఒక నిలువు వరస ఉంటేనే ఆకులూ, కొసదేరిన ముగ్గులూ రెండు వైపులా సమంగా వస్తాయి.

నా డబ్బాలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మూలలున్న ముక్కలు. మూడు పూసలు ఉంగరంగా కట్టి, మూడు మూలల్లో మాత్రం రెండేసి పూసలు పెట్టుకుంటూ, మిగతా చోట్ల మామూలు పెయోటి అల్లుతూ పోతే చదునైన త్రికోణం వస్తుంది. డెలికాలతో దాని అంచు కత్తితో కోసినంత నేరుగా ఉంటుంది. ఇదే పద్ధతిలో మూడుకు బదులు నాలుగు మూలలు పెట్టి, ప్రతి చుట్టులోనూ అలాగే పెంచుతూ వెళ్లండి. ముక్క చదునుగా ఉండదు. రెండు మూలలు పైకి, రెండు కిందికి లేచి ఒంపు తిరుగుతుంది. మొదటిసారి అలా లేవడం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చోటు సరిపోనన్ని పూసలు పడేసరికి అల్లిక తనే పైకీ కిందికీ దారి వెతుక్కుంటుంది. ఆ ఒంపు ముక్కను నేరుగా లాకెట్‌గా వేలాడదీయవచ్చు. రెండు త్రికోణాలు అల్లి, ఒకదానికి ఒక చుట్టు ఎక్కువ వేసి, అంచులను పళ్లలో పళ్లు పడేలా జిప్ చేసినట్టు కలిపితే లోపల బోలుగా ఉండే ముద్దొచ్చే బిళ్ల తయారవుతుంది. జిప్ చేసే పనిలో డెలికాలకు సాటి లేదు. కలిపిన చోటు ఎక్కడో తర్వాత నేనే వెతుక్కోవాలి.

రాళ్లు పొదగడానికి కూడా ఇవి బాగా పనికొస్తాయి. వెనక కూడా కొసదేరి ఉండే గుండ్రటి మెరుపు రాయి, రివోలి అంటారు. దానికి బెజ్జం ఉండదు. పూసలతో గూడు అల్లి అందులో బిగించాలి. 14 మి.మీ. రాయికి 36 డెలికాలు గుచ్చి ఉంగరం కట్టడంతో మొదలుపెడతాను. రాయి చుట్టుకొలత సుమారు 44 మి.మీ., 36 పూసల పొడవు 46.8 మి.మీ. దారం బిగిస్తే ఆ కాస్త తేడా సర్దుకుంటుంది. ఒక చుట్టు డెలికాలు వేశాక 15/0 గుండ్రటి పూసలకు మారాలి. చిన్న పూసలు పడగానే అంచు లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు రాయి పెట్టి, రెండోవైపు కూడా అలాగే 15/0లతో బిగించాలి. ఇక్కడ రెండు రకాల పూసలను కావాలనే కలుపుతున్నాం. గోడ నిలబెట్టడం డెలికా పని, రాయిని పట్టి ఉంచడం చిన్న గుండ్రటి పూస పని. 12 మి.మీ. రాయికైతే 30తో మొదలుపెట్టి చూడండి.

బ్రిక్ కుట్టు చూడటానికి పెయోటిని అడ్డంగా తిప్పినట్టుంటుంది. గోడలో ఇటుకల్లా ఒక్కో పూస కింది రెండు పూసల అతుకు మీద నిలబడుతుంది. సూదిని పూసలకు బదులు కింది వరసలోని దారపు ఉచ్చు కింద నుంచి తీస్తారు. ఒక్కో వరసలో ఒక్కో పూస తగ్గించడం చాలా సహజంగా జరుగుతుంది కాబట్టి లోలాకులకు దీన్ని మించిన కుట్టు లేదు. 11 పూసలతో నిచ్చెన వరస, అంటే పూసలను పక్కపక్కన నిలబెట్టి కుట్టే మొదటి వరస వేసి, రెండు వైపులా 10, 9, 8 అంటూ ఒకటి దాకా తగ్గిస్తే వజ్రం ఆకారం వస్తుంది. దానికి 121 పూసలు పడతాయి. వెడల్పు 17.6 మి.మీ., ఎత్తు 27 మి.మీ. చిల్లర. జత మొత్తానికి గ్రామున్నర కూడా పట్టదు, చెవికి బరువే అనిపించదు. కింద కుచ్చులు వేలాడదీస్తే మాత్రం వాటికి గుండ్రటి పూసలు వాడండి. గుండ్రటి పూసల కుచ్చు వంగుతూ ఊగుతుంది. డెలికాల అంచులు ఒకదాన్నొకటి ఆనుకోవడంతో కుచ్చు కాస్త బిర్రుగా నిలుస్తుంది.

ఇక అంతగా కుదరని కుట్లు. హెరింగ్‌బోన్ దక్షిణాఫ్రికాలోని ఎన్‌డెబెలె ప్రజల అల్లిక. ఆ పేరుతో కూడా దీన్ని పిలుస్తారు. పూసలు రెండేసి చొప్పున పడి, ఒకదానివైపు ఒకటి వాలి ఉంటాయి. ఆ వాలులోనే దాని అందం ఉంది. డెలికాలతో అల్లితే వరసలు నీటుగా వస్తాయి కానీ వాలు అంత స్పష్టంగా కనబడదు. గొట్టంలా అల్లి, ఒకవైపు రెండు పూసల్లోంచి దిగుతూ మెలిక తిప్పే తాడుకు గుండ్రటి 11/0లే నాకు నచ్చాయి. రైట్ యాంగిల్ వీవ్‌లో నాలుగు పూసలు ఒక చతురస్రం. డెలికాల భుజాలు మూలల్లో ఒకదానితో ఒకటి గుద్దుకుని నిలుస్తాయి, మధ్య రంధ్రాలు బోసిగా కనబడతాయి. అదే కుట్టు గుండ్రటి పూసలతో వేస్తే పట్టుబట్టలా మెత్తగా జారుతుంది. పైగా అందులో ఒక్కో పూసలోంచి దారం చాలాసార్లు వెళ్తుంది. డెలికా గోడ 0.4 మి.మీ. మాత్రమే. సూది ఇరుక్కున్నప్పుడు బలవంతంగా లాగితే పూస పగులుతుంది.

వల అల్లికకు కూడా గుండ్రటి పూసలూ, పొడవాటి గొట్టపు పూసలూ బాగుంటాయి. కొంచెం ఎగుడుదిగుడుగా ఉండే చెక్ దేశపు పూసలు ఇక్కడ భలే అందాన్నిస్తాయి. ఈ అల్లిక ఎంత పాతదో తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఈజిప్టులోని గిజాలో 1927లో తవ్వకాల్లో బయటపడిన పూసల వల దుస్తు ఇప్పుడు బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది. ఈజిప్టు రాజు ఖుఫూ కాలం నాటిది, అంటే నాలుగున్నర వేల ఏళ్ల కిందటిది. దారం పూర్తిగా చివికిపోయింది. కొన్ని పూసలు మాత్రం గుచ్చినప్పటి వరసలోనే పడి ఉండటంతో అల్లికను తిరిగి కట్టగలిగారు. గాజు, మట్టి నిలుస్తాయి, దారం నిలవదు. నేను పూసల మీద పెట్టినంత శ్రద్ధా దారం మీద పెట్టేది అందుకే.

డెలికాలకు నా దారం ఫైర్‌లైన్, 6 పౌండ్ల రకం. మందం సుమారు 0.15 మి.మీ. మొదట చేపలు పట్టేవాళ్ల కోసం వచ్చిన దారమిది. సాగదు, పూసల అంచులకు సులువుగా తెగదు. బూడిద రంగుది మొదట్లో వేళ్లకు నల్లగా అంటుతుంది, వాడేముందు గుడ్డతో ఒకసారి లాగి తుడవాలి. లేత రంగు పారదర్శక పూసలకు తెల్లరకం తీసుకోండి. మెత్తగా వాలే హెరింగ్‌బోన్ తాళ్లకు నైలాన్ దారం, దానికి కాస్త మైనం పట్టిస్తే హాయిగా ఉంటుంది. సూది 10 నంబరుతో మొదలుపెట్టి, బెజ్జం నిండుతున్నప్పుడు ఇంకా సన్నదైన 12కు మారతాను. బారెడుకు మించి దారం తీసుకోను. అంతకంటే పొడవైతే చిక్కులు విప్పడంతోనే సరిపోతుంది.

రంగుల్లో డెలికాకు లోటు లేదు, వెయ్యికి పైగా ఉన్నాయి. అయితే అన్ని రంగులూ ఒకేలా నిలవవు. గాజులోనే రంగు కలిసిన అపారదర్శక పూసలు ఎప్పటికీ అలాగే ఉంటాయి. అద్దకం వేసినవి ఎండకు వెలిసిపోవచ్చు. లోహపు పూత ఉన్నవాటికి చెమటే శత్రువు. ఒక కంపెనీ బంగారు మెరుపు పూసలతో కడియం అల్లాను. చర్మానికి తగిలే లోపలి వైపు పూత లేచిపోయి గాజు బయటపడింది. అంత పనీ పోయిందని చాలా బాధేసింది. అప్పటి నుంచి మెరుపు కావాలంటే డ్యూరాకోట్ (గట్టిగా నిలిచే పూత) అని రాసి ఉన్న డెలికాలే ఎంచుకుంటున్నాను. కొత్త రంగు ఏదైనా సరే, నాలుగు పూసలు నెయిల్ పాలిష్ రిమూవర్‌లో వేసి, ఇంకో నాలుగు కిటికీలో ఎండ తగిలే చోట పెట్టి, కొన్నాళ్లు చూశాకే నగకు వాడతాను.

డెలికాల్లోనూ సన్నవి, లావువి అక్కడక్కడా వస్తాయి, కాకపోతే చాలా తక్కువ. వాటిని ఏరి పారేయకండి. పూస తగ్గించాల్సిన చోట సన్నది, పెంచాల్సిన చోట లావుది వేస్తే ఒంపు మెత్తగా తిరుగుతుంది.

మొదటిసారి కొనేవాళ్లు డీబీ 10 (డీబీ అంటే డెలికా రంగు నంబరు) నలుపు జోలికి పోవద్దు. పూస చాలా అందంగా ఉంటుంది, కానీ దారం ఏ పూసలోంచి ఏ పూసలోకి వెళ్లిందో అందులో కనబడదు. డీబీ 200 తెలుపు ఒక ఐదు గ్రాములు, దానికి ఎదురుగా కొట్టొచ్చినట్టు కనబడే అపారదర్శక రంగు ఇంకో ఐదు గ్రాములు తీసుకోండి. ఒక అడ్డ వరస తెలుపు, ఒక అడ్డ వరస రంగు వేస్తూ అల్లితే ఏ పూస ఏ వరసదో చూడగానే తెలుస్తుంది, పైన చెప్పిన 20 నిలువు వరసల పట్టీకి కూడా ఆ పూసలే సరిపోతాయి.